దాణా తప్పదు

నూజివీడుకి పది కిలోమీటర్ల అవతల మాకు నాలుగెకరాల ముప్పై సెంట్ల మామిడితోట, అందులో ఒక పెంకుటిల్లు ఉన్నాయి. పట్టాదారు పాసుపుస్తకంలో యజమాని అన్నచోట నా పేరుంది, పక్కన నా ఫొటో ఉంది, ఆ ఫొటోలో నాకు జుట్టు కూడా ఉంది. ప్రస్తుతం ఆ జుట్టూ లేదు, ఆ యాజమాన్యమూ లేదు. మొదటిదాన్ని వయసు పట్టుకుపోయింది. రెండోదాన్ని ఒక గుర్రం పట్టుకుపోయింది. ఫిర్యాదు ఏ ఆఫీసులో ఇవ్వాలో తెలియక పాఠక మహాశయులకే ఇచ్చుకుంటున్నాను.

బావమరిది బతకగోరతాడని సామెత. ముప్ఫయ్యేళ్ళు హైస్కూల్లో చరిత్ర చెప్పాను గానీ, ఎవరి బతుకు కోరతాడో ఆ సామెతలో లేదన్న సంగతి రిటైరయ్యాక గానీ నాకు తట్టలేదు. మా ఆవిడ తమ్ముడు హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తాడు. అయిదు రోజులు కుర్చీలో కూర్చున్నవాడికి ఆరో రోజున ఇంకేదైనా ఎక్కి కూర్చోవాలనిపిస్తుంది కాబోలు, ఊరి చివర ఎక్కడో గుర్రపుస్వారీ నేర్చుకున్నాడు. అంతటితో ఆగితే అది వాడి నడుంనొప్పి. ఒక మార్గశిర పౌర్ణమికి మహారాష్ట్రలో తాపీనది ఒడ్డున సారంగఖేడా వెళ్ళాడు. దత్త జయంతికి అక్కడ పెద్ద గుర్రాల సంత జరుగుతుంది. సంత సంగతి మాకు తెలియదు. దత్తాత్రేయుడి దర్శనానికని సంతోషించాం. మర్నాడు ఫోను చేశాడు.

"బావగారూ, మన తోటలో గడ్డి ఊరికే పోతోంది కదండీ?"

అవునన్నాను. ఆ ఒక్క అవునుకి ఈ వేళ్టికీ వాయిదాలు కట్టుకుంటున్నాను.

రెండు రాత్రులు లారీలో ప్రయాణం చేసి మూడోనాడు తెల్లారగట్ట గుర్రం దిగింది. మార్వాడీ జాతి ఆడది. ఆ జాతికి చెవులు లోపలికి వంగి కొనలు ఒకదాన్నొకటి తాకుతుంటాయి, నమస్కారం పెడుతున్నట్టు. ఈ ఇంట్లో నాకు పొద్దున్నే నమస్కారం పెట్టేది ఆ చెవులొక్కటే అని మురిసిపోయాను. అవి నమస్కరిస్తున్నది నాకు కాదు, నా చేతిలోని దాణా బక్కెట్టుకని తరవాత తెలిసింది.

మూపు దగ్గర దాని ఎత్తు పదిహేను 'చేతులు' అన్నాడు బావమరిది. చెయ్యంటే నాలుగంగుళాలట. అయిదడుగులని చెప్పొచ్చు కదా అంటే, గుర్రాల వాళ్ళు అలా చెప్పరట. అయిదడుగుల మూడంగుళాల నేను ఆ లెక్కన పదిహేనుంముప్పావు. ఇంట్లో ఇవాళ నేను దానికంటే ఎక్కువగా ఉన్నది ఆ ముప్పావు చెయ్యే.

పేరు బిజిలీ, అంటే కరెంటు. ఆ పేరు పెట్టినవాడెవరో గానీ ముందుచూపున్నవాడు. కారు షెడ్డు గుర్రపుశాల అయింది. కారు మామిడిచెట్టు కిందికి పోయి కాకులకి అంకితమైంది. పొడి ఎండలకి అలవాటుపడ్డ గుర్రం మన కోస్తా ఉక్కకి తట్టుకోదని రెండు ఫ్యాన్లు, ఏప్రిల్లో ఒక కూలరు, జోరీగలు రాకుండా కిటికీలకి వలలు. ఉక్కపోత చోట్ల కొన్ని గుర్రాలకి చెమట పట్టడమే ఆగిపోతుందట, అది పెద్ద జబ్బట. అరవై నాలుగేళ్ళుగా ఒక్క రోజు ఆపకుండా చెమట పోస్తున్న నన్ను చూసి ఆరోగ్యవంతుడన్నారు తప్ప ఎవరూ ఫ్యాను తిప్పలేదు. అన్నీ బిజిలీ పేర తిరుగుతాయి, బిల్లు నా పేర వస్తుంది.

గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్నారు పెద్దలు. మాది గుడ్డిది కూడా కాదు. దాణా గది తలుపు గొళ్ళెం కదిలితే తోట అవతలి గట్టు నుంచి చూస్తుంది. ముందుగా, ఊరికే పోతున్న ఆ గడ్డి సంగతి చెప్పాలి. మామిడికి తేనెమంచు పురుగు పడితే మందు కొడతాం. మందు పడ్డ గడ్డి గుర్రానికి పనికిరాదు. కాబట్టి గడ్డి ఇప్పటికీ ఊరికే పోతూనే ఉంది. గుర్రానికి మటుకు జొన్నచొప్ప మైలవరం వైపు నుంచి ట్రాక్టరు మీద వస్తుంది, లూసర్న్ గడ్డికి అరెకరం మడి కట్టాం. దాని ఒంటి బరువులో నూటికి రెండు వంతుల ఎండు మేత రోజూ లోపలికి వెళ్ళాలి. నీళ్ళు ముప్ఫై నలభై లీటర్లు.

ఉలవల దగ్గర నేను కొంత ఆశపడ్డమాట నిజం. మన వైపు వాళ్ళకి ఉలవచారు ఎంతటిదో చెప్పక్కర్లేదు. ఉడికిన గుగ్గిళ్ళు పశువుకి, ఆ కట్టు మరిగించి చింతపండు పులుసు పోసి మీగడతో మనకి. ఈ ఒప్పందం మా తాతల నాటిది, ఇరుపక్షాలకీ న్యాయమైనది. తొలి నెలంతా వారానికి మూడు పూటలు ఉలవచారు తిన్నాను. గుర్రం మీద కాస్త అభిమానం కూడా పుట్టబోతోంది. ఇంతలో పశువుల డాక్టరు వచ్చి, గుగ్గిళ్ళు ఎక్కువైతే కడుపునొప్పి వస్తుంది, తగ్గించి ఓట్స్ పెట్టండన్నాడు. అదే నెలలో మా డాక్టరు నా షుగరు కాయితం చూసి నాకూ ఓట్స్ రాశాడు. ఇప్పుడు ఇద్దరికీ పొద్దున ఓట్సే. ముందు ఎవరికి పెట్టాలన్న విషయంలో మా ఆవిడకి అనుమానమే లేదు.

"ఆలస్యమైతే అది కాలితో గోడ తంతుందండీ. మీరు తన్నరు కదా" అంటుంది.

మా బావమరిది వాదన ఎప్పుడూ చారిత్రకంగా ఉంటుంది. "మన రాజులంతా గుర్రాల మీద రాజ్యాలు ఏలినవాళ్ళే కదండీ, కృష్ణదేవరాయలు..." అని మొదలుపెట్టాడు, చరిత్ర మాష్టారి ఎదుట. నేను లేచి వెళ్ళి పుస్తకం తెచ్చాను. మన రాజులు గుర్రాలెక్కారు, మేపారు, ఖజానాలు ఖాళీ చేసి కొన్నారు. కొనే పని మటుకు ఏనాడూ తప్పించుకోలేకపోయారు. పదహారో శతాబ్దంలో విజయనగరంలో మకాం వేసిన నూనిజ్ అనే పోర్చుగీసువాడు, తానే గుర్రాల వర్తకుడు, రాజుగారు ఏటా 13,000 హొర్ముజు గుర్రాలు కొనేవారని రాసిపెట్టాడు. సాళువ నరసింహరాయల కథ ఇంకా గొప్పది. ఆయన బతికిన గుర్రానికీ చచ్చిన గుర్రానికీ ఒకటే ధర కట్టాడట. ఓడలో చచ్చినదాని తోక ఒక్కటి తెచ్చి చూపిస్తే చాలు, సొమ్ము ముట్టేది. ముప్ఫయ్యేళ్ళు పిల్లలకి ఈ సంగతి చెప్పి నవ్వించాను. ఇప్పుడా నవ్వులన్నీ వడ్డీతో తిరిగొస్తున్నాయి.

అంతకు రెండు శతాబ్దాల ముందు మార్కో పోలో తమిళ తీరం గురించి రాస్తూ, అక్కడ మేలుజాతి మగగుర్రంతో మేలుజాతి ఆడగుర్రాన్ని దాటించినా కాళ్ళు వంకరపోయిన మరుగుజ్జు పిల్లే పుడుతుందన్నాడు. గుర్రాలకి అన్నమూ మాంసమూ వండి పెడతారన్నాడు. గుర్రపు వైద్యం తెలిసినవాళ్ళని వర్తకులు ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరన్నాడు. గుర్రాలు బతికితే వ్యాపారం చస్తుంది కదా.

"సామ్రాజ్యాలకి కొరుకుడుపడని గుర్రాల పెంపకం నాలుగెకరాల ముప్పై సెంట్లలో అవుతుందా?" అని అడిగాను.

"వాళ్ళకి మా తమ్ముడు లేడు" అంది మా ఆవిడ.

వైద్యం మాట వచ్చింది కాబట్టి గిట్టల సంగతి. ఆరు వారాలకో, ఎనిమిది వారాలకో గుర్రం గిట్టలు చెక్కించాలి. మా ఊళ్ళో ఎడ్లకి లాడాలు కొట్టే ఆయన ఉన్నాడు, తెచ్చి చూపించాను. ఎద్దుది చీలిన గిట్ట, ఒక్కో కాలికి రెండు ముక్కల లాడం. గుర్రానిది ఒకటే గిట్ట. ఆయన నాలుగు కాళ్ళ చుట్టూ తిరిగి, "దీనికి సగం ఎవరు కాజేశారు మాష్టారూ?" అని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి గిట్టలు చెక్కే మనిషి హైదరాబాదు నుంచి ఏసీ బస్సులో వస్తున్నాడు. నేను అదే ఊరికి కంటి ఆపరేషనుకి వెళ్ళినప్పుడు ప్యాసింజరు రైలెక్కాను.

ఖర్చులు రాబట్టడానికి బిజిలీని పెళ్ళి ఊరేగింపులకి అద్దెకివ్వచ్చన్నాడు బావమరిది. ఒకసారి ఇచ్చాం, హనుమాన్ జంక్షన్ దగ్గర. బ్యాండు మోగే వరకు బాగానే ఉందిట. ఆ తరవాత రాత్రి పదకొండింటికి మా గేటు ముందు చప్పుడైతే తలుపు తీశాను. తలపాగాతో సహా పెళ్ళికొడుకు. ఆ అబ్బాయికి మా ఆవిడ మజ్జిగ ఇచ్చింది. అద్దె నేను తిరిగిచ్చాను.

ఇక కడుపునొప్పి. గుర్రానికి దేవుడు అంత పెద్ద పొట్ట ఇచ్చి వాంతి చేసుకునే యోగం ఇవ్వలేదు. లోపలికి వెళ్ళింది అటునుంచి బయటికి రావాల్సిందే, రాకపోతే ప్రాణం మీదికొస్తుంది. కిందటేడు వైశాఖంలో గాలివానకి రాలిన కాయలు బిజిలీ తిన్నన్ని తింది. మధ్యాహ్నానికి నేలమీద పొర్లడం, తిరిగి పొట్టకేసి చూసుకోవడం. డాక్టరు వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి లిక్విడ్ పారఫిన్ పోశాడు, సూది పొడిచాడు, లద్దె వేసేదాకా మెల్లగా నడిపిస్తూ ఉండండని చెప్పి వెళ్ళాడు. సరిగ్గా ఆ రోజే మా వియ్యంకుడుగారు మొదటిసారి తోట చూడటానికి వచ్చారు. ఆయన విస్తట్లో కూర్చున్నారు, నేను పగ్గం పట్టుకుని కిటికీ అవతల ప్రదక్షిణలు. హైదరాబాదు నుంచి పది నిమిషాలకొకసారి ఫోను.

"వేసిందా బావగారూ?"

"ఇంకా వెయ్యలేదురా!"

వియ్యంకుడుగారు పెద్దమనిషి, కాసేపు ఓర్చుకున్నారు. తరవాత మా ఆవిణ్ణి పక్కకి పిలిచి, ఏ బ్యాంకమ్మా, వడ్డీ ఇంత ఆలస్యంగా వేస్తోంది, మేనేజరుతో మాట్లాడమంటే మాట్లాడతానన్నారు.

రాత్రి రెండింటికి, ఒకప్పుడు ఏలూరులో జట్కా తోలిన సాయిబుగారు కర్ర పట్టుకుని వచ్చారు. మా ఊళ్ళో గుర్రం భాష వచ్చినవాడు ఆయనొక్కడే, ఎనభై దాటాయి. బిజిలీ డొక్కకి చెవి ఆనించి చాలాసేపు విన్నారు. "లోపల బండి కదిలింది మాష్టారూ, భయం లేదు" అన్నారు. నాలుగింటికి వేసింది. హైదరాబాదుకి ఫోను చేసి ఆ వార్త చెబుతున్నప్పుడు నా గొంతు వణికిందని మా ఆవిడ ఇప్పటికీ అందరికీ చెబుతుంది. అది చలి. వైశాఖంలో తెల్లవారుజామున మా వైపు చలి ఉంటుంది.

ఇంతవరకూ గుర్రాన్ని సాకడం. పిల్లని తీయించడం వేరే పురాణం. గుర్రం మంద జంతువు, ఒంటరిగా ఉంటే దిగులుపడుతుందన్నాడు బావమరిది. నేనూ ఈ ఇంట్లో ఒంటరిగానే ఉన్నానన్నాను. నాకు తోడు తెచ్చే ప్రస్తావన రాలేదు.

ఆవు ఎదకొస్తే అరిచి ఊరందరికీ చెబుతుంది. ఆడగుర్రం పరువు గలది, మగగుర్రం ఎదురుగా నిలబడితే తప్ప మనసు విప్పదు. ఇరవై ఒక్క రోజులకొకసారి ఎద, అందులో అయిదారు రోజులే అదను. మా మండలంలో మగగుర్రం లేదు. అంచేత బిజిలీని లారీ ఎక్కించి హైదరాబాదు శివార్లలో ఒకరి శాలకి తీసుకెళ్ళాం. వెంట పెద్దవాళ్ళెవరైనా ఉండాలన్నారు, నన్ను పంపారు. అక్కడ పెళ్ళిచూపులు అడ్డుకర్ర మీద జరుగుతాయి. నడుమెత్తు గట్టి కర్రల దడికి ఇటు పిల్ల, అటు పిల్లాడు. పిల్లకి ఇష్టమైతే తోక పక్కకి తీసి ఒద్దికగా నిలబడుతుంది. ఇష్టం లేకపోతే తంతుంది. మా పిల్ల దడి విరిగేట్టు తన్నింది. దడి ఖరీదు, ఇరవై రోజుల మేపుడు ఖర్చు లెక్కగట్టి కాయితం నా చేతిలో పెట్టారు. చూపుల ఖర్చు ఆడపిల్ల తరఫు వాళ్ళదేనన్న ధర్మం గుర్రాల్లో కూడా చెక్కుచెదరలేదు.

దీనికి బావమరిది నిరాశపడలేదు. జాతీయ గుర్రాల పరిశోధన కేంద్రం బికనీరు శాఖ వాళ్ళు 2023 మే నెలలో ఒక గుర్రం పిండాన్ని మరో గుర్రం కడుపులో పెట్టి, దేశంలో తొలిసారిగా మార్వాడీ పిల్లని పుట్టించారనీ, దానికి 'రాజ్ ప్రథమ్' అని పేరు పెట్టారనీ చదివి వినిపించాడు. శాస్త్రం మీద నాకు గౌరవమే. కానీ ఒక పిల్లకి ఇద్దరు తల్లులంటే రెండు దాణాలు. చేతులు జోడించి, ఇంకొకసారి చూపులకే వెళతానన్నాను.

రెండోసారి పిల్లాడు నచ్చాడు. పదహారో రోజున స్కానింగులో గోలీకాయంత నల్లటి చుక్క చూపించి శుభాకాంక్షలు చెప్పారు. ఆవుకి తొమ్మిది నెలలు, గేదెకి పది, గుర్రానికి పదకొండు. అదీ కచ్చితం కాదు, మూడు వందల ఇరవయ్యో రోజు నుంచి ఏడాది లోపల ఎప్పుడైనా ఈనవచ్చు. ఆ పదకొండు నెలలూ బావమరిది పంచకళ్యాణి గురించి కలలు కన్నాడు. నాలుగు కాళ్ళూ, మొహమూ తెల్లగా ఉండాలి. గొంతు మీద దేవమణి సుడి ఉండాలి, కంటి కింద సుడి ఉండకూడదు. కన్నీరు దిగేచోట సుడి ఉన్న గుర్రం ఇంటికొస్తే ఇల్లు ఏడుస్తుందని సంతలో ఎవరూ కొనరట. మా బిజిలీకి గొంతు మీద దేవమణి ఉంది, కంటి కింద సుడి లేదు. మరి నేనెందుకు ఏడుస్తున్నట్టు? మన తెలుగు కవి మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద ఏకంగా కావ్యమే రాశాడు గానీ, గుర్రం ఉన్న ఇంటి యజమాని లక్షణాలు ఎవరూ రాసినట్టు లేదు.

చన్నుల కొనల మీద మైనం చుక్కలు కనబడగానే బావమరిది సెలవు పెట్టి దిగాడు. శాలలో కెమెరా, ఫ్లాస్కులో టీ, రాత్రంతా దీపం. మా ఆవిడ, వాడు, సాయిబుగారు వంతులవారీగా కాపలా. నేను ఆ వైపు వెళ్ళనని శపథం పట్టాను. పదకొండు రాత్రులు గడిచాయి. కాపలా ఉన్నంతసేపూ అది నింపాదిగా చొప్ప నమిలింది.

పన్నెండో రాత్రి మూడుంబావుకి నాకు మెలకువ వచ్చింది. ముగ్గురూ అరుగు మీద నిద్ర. శాలలో దీపం ఊరికే వెలుగుతోంది. ఆర్పేద్దామని వెళ్ళాను, అంతకు మించి నాకే ఉద్దేశమూ లేదని ఇక్కడ లిఖితపూర్వకంగా మనవి చేసుకుంటున్నాను. స్విచ్చి మీద చెయ్యి వేసేసరికి బిజిలీ పడుకుని ఉంది. తెల్లటి పొరలో ముందుకాళ్ళు రెండు, వాటి మీద ఆనించిన మూతి. లేపడానికి నోరు పెగల్లేదు. ఇరవై నిమిషాల్లో ముందు మూతి, తరవాత ఒళ్ళు, ఆఖరికి తోక వచ్చాయి. నరసింహరాయలు ఒట్టి తోకకే డబ్బు కట్టాడు, ఆ లెక్కన నేను నష్టపోలేదేమో అని ఒక్క క్షణం అనిపించింది. మనుషులు చూస్తుంటే గుర్రం ఈనడం ఆపుకుంటుందట, బావమరిది తరవాత చెప్పాడు. నన్ను చూసి ఆపుకోలేదంటే, అది నన్ను మనుషుల్లో జమకట్టలేదన్నమాట.

మగపిల్ల. గంటలోపు నాలుగుసార్లు పడి అయిదోసారికి నిలబడింది, రెండు గంటల్లో ముర్రుపాలు తాగింది. మూడో గంటలో మాయ పడితే సాయిబుగారు నేలమీద పరిచి, చిరుగు లేదని చూసి తలూపారు. పంచకళ్యాణి కాదు. ఎడమ వెనక కాలు ఒక్కటే తెలుపు. అయిదు కళ్యాణాల్లో ఒకటి దక్కింది. కాళ్ళు వంకరగా ఉంటే మార్కో పోలో గుర్తొచ్చి గుండె జారింది. వారం తిరక్కుండా నిటారుగా అయ్యాయి. పాపం ఆయన వారం ఆగలేదు కాబోలు.

ఈనిన తొమ్మిదో రోజుకల్లా ఆడగుర్రం మళ్ళీ ఎదకి రావచ్చునట. ఎనిమిదో రోజు సాయంత్రం బావమరిది పెరట్లో గొంతు తగ్గించి ఎవరితోనో లారీ బాడుగ మాట్లాడుతుంటే విన్నాను.

పాఠకులకు ఒక మనవి. పెద్ద గుర్రం రోజుకి పదిహేను ఇరవై కిలోల లద్దె వేస్తుంది. మా తోటలో రెండేళ్ళ సరుకు చివికి సిద్ధంగా ఉంది, పూలమొక్కలకి బాగా పనిచేస్తుంది. కావలసినవారు సంచులు తెచ్చుకుని ఉచితంగా పట్టుకుపోవచ్చు. శనాదివారాలు మటుకు రాకండి. ఆ రెండు రోజులూ మా బావమరిది ఉంటాడు, మీ ఇంట్లో గడ్డి ఊరికే పోతోందా అని అడుగుతాడు.